చాటు నకలు: ఈ-మెయిల్‌లో బి.సి.సి. నీతి, మర్యాద

— బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి, ఆలేరు

ఉత్తరం రాయడం ఒక విద్య. ఆ ఉత్తరాన్ని ఎవరెవరికి చూపాలో తెలియడం ఇంకొక విద్య. మొదటిది బడిలో సెలవు చీటీతోనే నేర్పుతారు. రెండవది ఎవరూ నేర్పరు. ఈనాడు స్కాలర్‌షిప్పు మొదలు ఉద్యోగం దాకా ఎన్నో పనులు ఈ-మెయిల్ మీదనే నడుస్తున్నవి. పల్లెల నుండి వచ్చిన మాబోటి వాళ్ళలో చాలామంది కళాశాలలో చేరిన తరువాతనే తొలి ఈ-మెయిల్ రాసినవాళ్ళు. అందులో పేర్లు రాసేచోట మూడు గడులుంటాయి: టు, సి.సి., బి.సి.సి. మొదటి రెండింటితో పేచీ లేదు. మూడవదాన్ని తెలిసి వాడేవారు కొద్దిమంది. తెలిసి దుర్వినియోగం చేసేవారూ లేకపోలేదు. అందుకే ఈ వ్యాసం.

మాట పుట్టుక

సి.సి. అంటే కార్బన్ కాపీ. 1806లో ఇంగ్లండులో రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ ఇటువంటి కాగితంతో నకలు తీసే సాధనానికి పేటెంటు పొందాడు. టైపు మిషన్ల కాలంలో తెల్లకాగితాల నడుమ నల్లకాగితం పెట్టి ఒకే దెబ్బకు రెండు మూడు ప్రతులు తీసేవారు. నకలు ఎవరికి పోతున్నదో ఉత్తరం అడుగున రాసేవారు. అది చూసి అసలు ఉత్తరం అందుకున్నవానికి కూడా సంగతి తెలిసేది. అధికారి ఒక నకలును చాటుగా పంపదలిస్తే, టైపిస్టు పైకాగితం తీసేసి ఆ పేరును అడుగు ప్రతి మీద మాత్రమే కొట్టేవాడు. పైప్రతి అందుకున్నవాడు ఆ విషయంలో గుడ్డివాడే. బ్లైండ్ కార్బన్ కాపీ అన్న పేరు అందుకే వచ్చింది. దీన్ని మనం తెలుగులో ‘చాటు నకలు’ అనుకుందాం.

నల్లకాగితం పోయినా పేరు పోలేదు. 1971లో రే టామ్లిన్సన్ ఒక కంప్యూటర్ నుండి మరొకదానికి నెట్‌వర్కు మీద జాబు పంపాడు. 1982 ఆగస్టులో డేవిడ్ క్రాకర్ కూర్చిన ఆర్.ఎఫ్.సి. 822 అనే ప్రమాణ పత్రంలో టు, సి.సి.ల పక్కనే బి.సి.సి. కూడా ఉన్నది.

మా ఆలేరు వైపు రైతులకు నకలు కొత్త మాట కాదు. పహాణీ నకలు కోసం తహసీలు ఆఫీసు చుట్టూ తిరగని ఇల్లు ఉండదేమో! అయితే రైతు ఎరిగిన నకలు బాజాప్తా నకలు. దాని మీద ముద్ర, సంతకం, తారీఖు ఉంటాయి. ఎవరు ఇచ్చింది, ఎవరు తీసుకున్నది తెలుస్తుంది. చాటు నకలుకు ఆ గుణం లేదు.

లోపల జరిగేది ఏమిటి?

విజ్ఞానశాస్త్ర విద్యార్థులం గనుక దీని యంత్రాంగం కూడా చూద్దాం. ఈ-మెయిల్‌ను కవరులో పెట్టిన ఉత్తరంగా ఊహించుకోండి. మన కంప్యూటర్ సర్వర్‌కు ముందు కవరు మీది చిరునామాలు చెప్పుతుంది: ఫలానా ఫలానా వారికి చేర్చు అని. ఆ తరువాత ఉత్తరం అప్పగిస్తుంది. టు, సి.సి. పేర్లు కవరు మీదా ఉంటాయి, ఉత్తరం లోపలా ఉంటాయి. బి.సి.సి. పేర్లు కవరు మీద ఉంటాయి కాని ఇతరులకు చేరే ఉత్తరం లోపల ఉండవు. రహస్యమంతా ఇంతే.

దీని నుండి రెండు సంగతులు తేలుతున్నవి. ఒకటి, చాటు నకలు తోటి పాఠకుల నుండి మాత్రమే దాగుతుంది. పంపినవాని పెట్టెలో అది ఉంటుంది, మధ్యనున్న సర్వర్ల లెక్కలోనూ ఉండవచ్చు. రెండు, చాటు నకలు అందుకున్నవాడు తొందరపడి ‘అందరికీ జవాబు’ మీట నొక్కితే ఆ జవాబు టు, సి.సి.లలో ఉన్న వారందరికీ పోతుంది. తలుపు చాటున నిలబెట్టిన మనిషి దగ్గినట్టే!

చాటు రెండు రకాలు

నా దృష్టిలో బి.సి.సి.ని రెండు వేర్వేరు పనులకు వాడుతున్నారు. ఈ తేడా పట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

మొదటిది రక్షించే చాటు. వందమందికి ఒకే సమాచారం పంపాలి. ఒకరి చిరునామా మరొకరికి తెలియనక్కర లేదు. అప్పుడు అందరినీ బి.సి.సి.లో పెట్టడం మర్యాదే కాదు, బాధ్యత కూడా. పెండ్లి పత్రిక ఇంటింటికీ పంచుతాం. ఎవరి పత్రిక మీద వారి పేరే ఉంటుంది. ఊరందరి జాబితా ప్రతి పత్రికకూ అంటించం కదా!

ఈ చిన్న జాగ్రత్త లేక జరిగిన నష్టాలు చిన్నవి కావు. 2015 సెప్టెంబరులో లండన్‌లోని 56 డీన్ స్ట్రీట్ అనే వైద్యశాల, హెచ్.ఐ.వి. సేవలు పొందేవారికి ఒక వార్తాలేఖ పంపింది. చిరునామాలు బి.సి.సి.లో కాక టు గడిలో పడ్డాయి. దాదాపు 780 మంది వివరాలు ఒకరికొకరికి బయటపడ్డాయి. 2016లో ఆ దేశపు సమాచార కమిషనర్ ఆ ఆసుపత్రి ట్రస్టుకు 1,80,000 పౌండ్ల జరిమానా వేశాడు. 2021 సెప్టెంబరులో బ్రిటిష్ రక్షణ శాఖ మరీ ఘోరమైన పొరపాటు చేసింది. తాలిబన్ల చేతికి పోయిన అఫ్గానిస్థాన్ నుండి బయటపడగోరే 245 మంది చిరునామాలను టు గడిలో పెట్టి పంపింది. ఇద్దరు ‘అందరికీ జవాబు’ నొక్కారు. వారిలో ఒకరు తానున్న చోటును కూడా అందరికీ తెలిపారు. 2023 డిసెంబరులో ఆ శాఖకు 3,50,000 పౌండ్ల జరిమానా పడింది. ఒక గడికి బదులు మరో గడి! మధ్యలో మనుషుల ప్రాణాలు.

అంత దూరం పోనక్కర లేదు. నాకు తెలిసిన ఒక విద్యాసంస్థ ఫీజు బాకీ ఉన్నవారందరికీ ఒకే ఈ-మెయిల్ పంపింది. అన్ని పేర్లూ పైననే. పత్తి అమ్మిన పైసలు ఇంకా చేతికి రాని ఒక రైతు కొడుకు ఆ జాబితాలో ఉన్నడు. వారం దినాలు క్లాసుకు రాలేదు. “బాకీ ఉన్నందుకు బాధ లేదు, అందరికీ తెలిసినందుకు సిగ్గయింది” అన్నడు. బాకీ అతనిది, నిజమే. అతని ఇబ్బందిని ఊరిమీద పెట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు. మన పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా తగిన భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చునంటున్నది.

రెండవది మాటువేసే చాటు. ఒకనికి ఉత్తరం రాస్తూ, వాని పై అధికారినో పోటీదారునో తెలియకుండా చూపించడం. ఇద్దరు మాట్లాడుకుంటుంటే దర్వాజ వెనుక మూడో మనిషిని నిలబెట్టినట్టు. ఎదుటివాడు నమ్మి మనసు విప్పుతాడు. ఆ మాటలు ఇంకెవరి చేతిలోనో పడతాయి. దీన్ని మన పల్లెల్లో కొండెం అంటరు. కంప్యూటర్‌లో చేసినంత మాత్రాన కొండెం మర్యాద కాజాలదు.

బాహాటపు నకలు బలం

నకలు పంపవలసి వస్తే సి.సి.లో బాహాటంగా పంపడమే మంచిది. దానికి పెద్ద ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉన్నది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ బి. రామలింగరాజు తన డైరెక్టర్ల బోర్డుకు లేఖ రాశాడు. ఖాతాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని అందులో ఒప్పుకున్నాడు. ఆ లేఖ అడుగున సెబీ ఛైర్మన్‌కూ స్టాక్ ఎక్స్ఛేంజీలకూ నకళ్ళు పంపినట్టు ఉన్నది. చేసిన నేరం సంగతి న్యాయస్థానం తేల్చింది. ఇక్కడ మనకు కావలసింది ఆ అడుగు పంక్తి. సంగతి నియంత్రణ సంస్థకు తెలుసునని బోర్డుకు తెలుసు. బోర్డుకు తెలుసునని ఆ సంస్థకూ తెలుసు. ఇక నాలుగు గోడల మధ్య సర్దుకునే వీలు ఎవరికీ లేదు. సర్వేయర్ హద్దులు కొలిచే ముందు పక్క చేన్ల రైతులకూ నోటీసు ఇచ్చేది ఇందుకే.

బలహీనుని మాట

“బలవంతుని మీద ఫిర్యాదు చేసే బలహీనుడు కూడా బాహాటంగానే రాయాలా?” అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. హాస్టల్లో అన్యాయం జరిగిన విద్యార్థిని, మేస్త్రీకి భయపడే కూలి, వీరికి సాక్ష్యం కావాలి, రక్షణా కావాలి. వీరి చాటును నేను కొండెం అనను. మాటువేసేవాడు తన బలం పెంచుకొనడానికి దాగుతాడు, వీరు దెబ్బ తప్పించుకొనడానికి దాగుతారు. అయితే అక్కడ కూడా బి.సి.సి. మంచి సాధనం కాదు. ఒక్క తప్పు మీటతో గుట్టు బయటపడుతుంది. నమ్మదగిన పెద్దకు విడిగా, కారణం చెప్పి, జరిగిన ఉత్తరాన్ని జతచేసి రాయడం మేలు. అప్పుడు ఆ పెద్దకు తన పాత్ర ఏమిటో, ఏది దాచాలో తెలుస్తుంది.

పాటించదగిన నియమాలు

1. ఒకరినొకరు ఎరుగని పలువురికి పంపేటప్పుడు చిరునామాలన్నీ బి.సి.సి.లో పెట్టాలి. టు గడిలో మన చిరునామానే రాసుకోవచ్చు.

2. అట్లా పంపినప్పుడు “ఈ ఉత్తరం మన సంఘ సభ్యులందరికీ పంపుతున్నాము” అని మొదటి పంక్తిలో చెప్పాలి. చిరునామాలు దాచవచ్చు, పలువురికి పంపిన సంగతి దాచరాదు.

3. ఇద్దరిని పరిచయం చేసిన పెద్దమనిషిని తరువాతి మాటల నుండి తప్పించదలిస్తే “వారిని బి.సి.సి.లోకి మార్చుతున్నాను” అని రాసి మార్చాలి. చెప్పి చేసినది చాటు కాదు.

4. మనకు చాటు నకలు వస్తే ‘అందరికీ జవాబు’ నొక్కరాదు. పంపినవానికే రాయాలి, లేదా ఊరుకోవాలి.

5. పంపే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈ చాటు ఎవరి మేలు కోసం? చాటున ఉన్నవారి రక్షణకైతే పంపవచ్చు. ఎదుటివానిని బోల్తా కొట్టించడానికైతే మీట మీది వేలు తీయాలి.

మా పాల కేంద్రంలో వెన్న శాతం అందరి ముందర చూసి చీటీ రాసిస్తరు. ఎవరి ఇంట్లో ఎంత అప్పున్నదో మాత్రం అక్కడ చదివి వినిపించరు. బాహాటంగా ఉండవలసినది ఏది, గుట్టుగా ఉండవలసినది ఏది అన్న వివేకం మన పల్లెలకు కొత్త కాదు. రేపు ఆఫీసుల్లో, ప్రయోగశాలల్లో కూర్చోబోయే మనం దాన్ని వెంట తీసుకుపోతే చాలు.