కొఱవిదయ్యములు

మెట్టసీమయగు బెళుగుప్పవారము, సముద్రతీరపు దయ్యములను విచారింపనేల యని చదువరు లడుగవచ్చును. మా సీమలో వర్షమునకే గాని దయ్యములకు కొఱత లేదు. రెండు చోట్లను అవి పుట్టు విధ మొక్కటియే యని మా యభిప్రాయము.

1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై తుపాను విఱుచుకొనిపడెను. 13 అడుగుల యెత్తున ఉప్పెన పొంగి, పట్టణమును చుట్టుపట్ల పల్లెలను ముంచివేసెను. సుమారు 30,000 మంది మరణించిరి. అంతమందికి యథావిధిగా ఉత్తరక్రియలు జరుగుట యసాధ్యము. కర్మ జరుగనివాడు ప్రేతమై తిరుగునని నమ్మువారికి ఆ తీరమంతయు ప్రేతమయముగా తోచుట వింత గాదు. చిత్తడినేలపై రాత్రివేళ మిణుకుమను వెలుగు కొఱవిదయ్యమగును. మడచెట్ల సందుల వీచు గాలి యేడుపగును. కుళ్లిన యాకులలో పుట్టు వాయువే యా వెలుగునకు మూలమని పలువురు శాస్త్రజ్ఞులు తలంతురు.

న్యాయస్థానములలో మెలగు మాకు మఱియొక సందేహము కలదు. కంటితో చూచిన సంగతిని చూచినవాడే వచ్చి చెప్పవలెనని 1872వ సంవత్సరపు సాక్ష్యచట్టము విధించెను. 2024లో క్రొత్త చట్టము వచ్చినను ఆ నియమము చెడలేదు. దయ్యపుకథలలో చూచినవాడెన్నడును బోనెక్కడు. మేనమామ చూచెనని మేనల్లు డనును; మేనమామ నడిగిన, తన వియ్యంకుడు చూచెననును.

ఇవి ప్రొద్దుపుచ్చు కథలే యైన మేము మాటాడకుందుము. కాని మూర్ఛరోగముగల కోడలికి వైద్యుని మందునకు బదులు వేపమండల దెబ్బలు తగులుచున్నవి. దిక్కులేని ముసలిదానిపై చిల్లంగి నేరము మోపబడుచున్నది.

ఇంతకంటెను గొప్ప కీడు వేఱొకటి కలదు. చచ్చినవారు దయ్యములైనారని తలచిన పిదప, వారేల చచ్చిరని యెవ్వరు నడుగరు. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెనకు పదివేల ప్రాణములు పోయెను. అప్పుడైనను కొందఱడిగిరి, తీరమున తుపాను ఆశ్రయభవనములు లేచెను. 1990 మే నెలలో ప్రచండమైన తుపాను వచ్చినపుడు, లక్షలాది జనులను ముందుగా తరలించినందున, మృతులు సుమారు వేయిమందియే. ఈ భేదము ఏ భూతవైద్యుని వలన గలిగినది?

ఇక మా సీమ సంగతి. 1876–78లో, ఇది యింకను బళ్లారిజిల్లాలో నుండగా, ధాత కరువు వచ్చెను. రిచర్డు టెంపులు దొర కరువుపనుల కూలిని దినమునకు ఒక పౌను ధాన్యమునకును కొద్దిపాటి డబ్బునకును తగ్గింపజేసెను. ఆ తిండితో పనివాడు బ్రతుకజాలడని చెన్నపురి ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు వాదించెను. చెఱువుగట్టు దయ్యమును మా పిల్లలందఱు నెఱుగుదురు. కార్నిషు పేరు విన్నవాడొక్కడును లేడు.