పాత కంప్యూటరుకు హార్డ్ డిస్క్ తగిలించడం

పాత కంప్యూటరులో చోటు చాలకపోతే ఇంకో హార్డ్ డిస్క్ తగిలిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. తగిలించడం నిజంగా కష్టమేమీ కాదు. చిక్కంతా లెక్కలో ఉంది. ఆ లెక్క తెలియక ఒక మిత్రుడి డిస్కు పాడుచేశాను గనుక ఈ వ్యాసం రాస్తున్నాను.

మా ఇంట్లో ఉన్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2002 నాటి కంప్యూటరు. అందులో 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ వచ్చింది వచ్చినట్టే ఉంది. దాని 20 గిగాబైట్ల డిస్కు నిండిపోయింది. హాస్టల్లో నా గదిమిత్రుడు వాళ్ల పాత కంప్యూటరులోని 160 గిగాబైట్ల డిస్కు తెచ్చిచ్చి, "ఇందులో అక్క పెళ్లి ఫోటోలున్నాయిరా, జాగ్రత్త. మిగతా చోటు వాడుకో" అన్నాడు.

ఆ కాలపు డిస్కులకు ఐడీఈ అనే వెడల్పాటి పట్టీ కేబులు ఉంటుంది. ఒక కేబులుకు రెండు డిస్కులు పెట్టవచ్చు గాని ఒకటి మాస్టర్, రెండోది స్లేవ్ కావాలి. డిస్కు వెనక జంపర్ అనే చిన్న తొడుగును ఏ పిన్నులకు పెట్టాలో డిస్కు మీది చీటీలోనే ఉంటుంది. కేబులు రంగు అంచు ఒకటో పిన్ను వైపు రావాలి. కరెంటు తీసేసి పని చేయాలని వేరే చెప్పక్కర్లేదు గదా! అరగంటలో అయిపోయింది.

ఇక లెక్క. డిస్కు మీద సమాచారం సెక్టర్లనే గళ్లలో ఉంటుంది. ఒక్కో సెక్టరుకు 512 బైట్లు. ప్రతి సెక్టరుకూ ఇంటి నంబరు లాంటి నంబరు ఉంటుంది. పాత పద్ధతిలో ఆ నంబరుకు 28 బిట్లే కేటాయించారు. 28 బిట్లతో 26,84,35,456 సెక్టర్లను లెక్కపెట్టవచ్చు. దాన్ని 512తో హెచ్చవేస్తే సుమారు 137 గిగాబైట్లు. (విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది గనుక దాన్నే 128 అంటుంది.) 2002లో ఏటీఏ-6 ప్రమాణం ఆ నంబరును 48 బిట్లకు పెంచింది. దాంతో హద్దు 14 కోట్ల గిగాబైట్లు దాటింది. అయితే ఆ సంగతి డిస్కుకు తెలిస్తే చాలదు, మదర్‌బోర్డు మీది బయాస్‌కూ విండోస్‌కూ కూడా తెలియాలి.

తెలియకపోతే ఏమవుతుంది? మా నాన్న మోటారుసైకిలు మీటరు 99,999 దాటగానే మళ్లీ సున్నాకు వచ్చింది. ఇదీ అంతే. 160 గిగాబైట్ల డిస్కులో 31 కోట్ల 25 లక్షల సెక్టర్లుంటాయి. 26,84,35,456 నంబరు సెక్టరులో రాయమంటే పై బిట్టు రాలిపోయి, సున్నా నంబరు సెక్టరులో రాసేస్తుంది. చివరి 22 గిగాబైట్లలోకి పోవలసినది తొలి 22 గిగాబైట్ల మీద పడుతుందన్నమాట. కంప్యూటరు మాత్రం ఏమీ అనదు. నిక్షేపంగా కాపీ అయిందంటుంది!

డిస్కు అప్పటికే చాలావరకు నిండి ఉంది. నేను వేసిన సినిమాలు చివరి భాగానికి పోయాయి. మరునాడు తెరవబోతే, ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కాలేజీకి తెచ్చి మా ఫిజిక్స్ లెక్చరర్ గారికి చూపిస్తే, "సైజు ఎంత చూపిస్తోందో ముందు చూశావా?" అన్నారు. చూడలేదు. ఆయన రెండు సాయంత్రాలు కూర్చుని సగం ఫోటోలు వెలికితీశారు.

కాబట్టి బిగించగానే ఏదీ కాపీ చేయకండి. బయాస్‌లోనూ విండోస్‌లోనూ సైజు చూడండి. పెద్ద డిస్కు 137 దగ్గరో 128 దగ్గరో ఆగిపోతే అక్కడే ఆగండి. ఎక్స్‌పీకి 2002లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1తో ఈ హద్దు తొలగింది, కాని డిస్కు తగిలించక ముందే దాన్ని వేసుకోవాలి. బయాస్ పాతదైతే దాన్నీ మార్చాలి. నన్నడిగితే ఈ తంటాలన్నీ ఎందుకు, డిస్కును యూఎస్‌బీ పెట్టెలో పెట్టి బయటనుంచి తగిలించుకోవడం మేలు. అప్పుడు మదర్‌బోర్డు ఐడీఈ లెక్కతో పని ఉండదు.

మిత్రుడు నన్ను పల్లెత్తు మాట అనలేదు. బంధువుల ఫోన్లలో ఉన్న ఫోటోలు ఇద్దరం కలిసి పోగుచేస్తున్నాం. అప్పగింతలవి ఇంకా దొరకలేదు.