పేరు పిలిస్తే పలికేదెవరు? – ఎన్ఎఫ్ఎస్ సర్వర్‌లో హోస్ట్ నేమ్ పాఠం

ఫ్రెండ్స్, ఈసారి టెక్నికల్ పాఠం నా వంతు. టాపిక్ చిన్నదే: లినక్స్‌లో ఎన్ఎఫ్ఎస్ ఫైల్ సర్వర్ పెట్టినప్పుడు కంప్యూటర్ల పేర్లు ఎలా సెట్ చేయాలి? సర్వర్ ఇన్‌స్టాల్ చేయడం వీడియో చూసి ఎవరైనా చేసేస్తారు. పేర్ల దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి రాసేస్తే పోలా" అని దాటేస్తాం. కానీ ఫైల్ సర్వర్ పర్మిషన్ ఇచ్చేదే ఆ పేరును బట్టి. ఈ పాఠం మొత్తం ఆ ఒక్క విషయం గురించే.

(కమాండ్లు, ఫైళ్ల పేర్లు పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీష్‌లోనే కొట్టండి.)

పేరు, నంబరు

ఏ క్లాసులోనైనా "సాయీ" అని పిలిస్తే నలుగురు తల తిప్పుతారు. అందుకే అటెండెన్స్ రోల్ నంబర్‌తో తీసుకుంటారు. నెట్‌వర్క్‌లోనూ అంతే. ప్యాకెట్ మీద ఐపీ అడ్రస్ ఉంటుంది. పేర్లు మనకి గుర్తుండటానికి పెట్టుకున్నవి. పేరు నుంచి ఐపీ, ఐపీ నుంచి పేరు కనుక్కునే పనినే నేమ్ రిజల్యూషన్ అంటారు.

ఏ ఫోల్డర్ ఎవరికి ఇవ్వాలో సర్వర్‌లో ఈటీసీ డైరెక్టరీలోని ఎక్స్‌పోర్ట్స్ ఫైల్లో రాస్తాం. ఉదాహరణకి:

/డేటా/ప్రాజెక్ట్స్ ల్యాబ్25.సీఎస్ఈ.ఇంటర్నల్(ఆర్‌డబ్ల్యూ,సింక్)

అంటే ల్యాబ్25 అనే మెషిన్ ఈ ఫోల్డర్‌లో చదవొచ్చు, రాయొచ్చు. సర్వర్ ఈ పేరును ఐపీగా మార్చుకుని, వచ్చిన రిక్వెస్ట్ ఐపీతో పోల్చి చూస్తుంది. పేరు బదులు స్టార్ పెట్టి *.సీఎస్ఈ.ఇంటర్నల్ అని రాస్తే పని తిరగబడుతుంది. వచ్చిన ఐపీకి పేరేంటో వెతుకుతుంది, ఆ పేరుకి మళ్లీ అదే ఐపీ వస్తుందా అని సరిచూసుకుంటుంది, ఆ తర్వాతే స్టార్ లైనుతో పోలుస్తుంది. రెండు వైపులా లెక్క కుదరకపోతే ఆ స్టార్ లైను పనిచేయదు, క్లయింట్‌కి "యాక్సెస్ డినైడ్" వస్తుంది.

ప్రాక్సీ ఎలా పడుతుంది?

ఎన్ఎఫ్ఎస్‌లో మామూలుగా వాడే సెక్యూరిటీ పద్ధతి ఆత్‌సిస్. ఇందులో సర్వర్ యూజర్ పాస్‌వర్డ్ అడగదు. "ఈ పని అడుగుతున్నది 1001 నంబర్ యూజర్" అని క్లయింట్ మెషిన్ చెబితే నమ్మేస్తుంది. రూట్ యూజర్‌ని మాత్రం డిఫాల్ట్‌గా ఉండే రూట్ స్క్వాష్ ఆపుతుంది. మిగతా నంబర్లన్నీ క్లయింట్ మాట మీద ఆధారపడ్డవే.

ఇప్పుడు ఇలా ఊహించుకోండి. సర్వర్ లెక్కలో ల్యాబ్25 అంటే 192.168.10.25. ల్యాబ్ అటూ ఇటూ మార్చాక ఆ పీసీకి వేరే ఐపీ వచ్చింది. డీహెచ్‌సీపీ పాత 25ని ఎవరిదో ల్యాప్‌టాప్‌కి ఇచ్చేసింది. సర్వర్‌లో ఎవరూ లైను మార్చలేదు. అసలు ల్యాబ్25కి తలుపు మూసుకుపోతుంది, ఆ ల్యాప్‌టాప్‌కి తెరుచుకుంటుంది. దాని ఓనర్ తన మెషిన్‌లో 1001 నంబర్‌తో ఒక యూజర్‌ని క్రియేట్ చేసుకుంటే చాలు, ఆ ఫోల్డర్‌లో 1001కి చెందిన ఫైళ్లన్నీ చదవొచ్చు, డిలీట్ కూడా చేయొచ్చు. ఆ 1001 మీ బ్యాచ్ ప్రాజెక్ట్ అయితే? హ్యాకింగ్ ఏమీ జరగలేదు. ఒకరి నంబర్‌కి ఇంకొకరు పలికారు, అంతే.

ఎవరిని ముందు అడగాలి?

ఒక పేరు ఎదురైతే లినక్స్ ఎక్కడ వెతకాలో ఈటీసీలోని ఎన్ఎస్‌స్విచ్.కాన్ఫ్ చెబుతుంది. అందులో "హోస్ట్స్: ఫైల్స్ డీఎన్ఎస్" అని ఉంటే ముందు ఈటీసీలోని హోస్ట్స్ ఫైల్, అక్కడ దొరక్కపోతే డీఎన్ఎస్. ముందు దొరికిన జవాబే ఫైనల్. డీఎన్ఎస్‌లో ఎంత కరెక్ట్‌గా ఉన్నా, హోస్ట్స్ ఫైల్లో పాత లైను ఉంటే పాతదే గెలుస్తుంది.

హోస్ట్స్ ఫైల్లో లైను ఇలా ఉండాలి:

192.168.10.25 ల్యాబ్25.సీఎస్ఈ.ఇంటర్నల్ ల్యాబ్25

ముందు ఐపీ, తర్వాత ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, ఆ తర్వాత ముద్దుపేరు. ఈ వరుస ముఖ్యం. ఐపీ నుంచి పేరు వెతికినప్పుడు మొదట రాసిన పేరే అసలు పేరుగా వస్తుంది. ముద్దుపేరు ముందు రాస్తే అసలు పేరుగా అదే వస్తుంది.

ఇంకో తిరకాసు. డెబియన్, ఉబుంటులలో మెషిన్ సొంత పేరు ఎదురుగా 127.0.1.1 అని లైను ఉండటం మామూలే. అది "నేనే" అని అర్థం వచ్చే అడ్రస్. సర్వర్ హోస్ట్స్ ఫైల్‌ని యథాతథంగా క్లయింట్‌లోకి కాపీ చేస్తే, క్లయింట్ సర్వర్ కోసం తనలోనే వెతుక్కుంటుంది.

ఫైలా, డీఎన్ఎస్సా?

ఒకప్పుడు నెట్‌వర్క్ అంతటికీ ఒకటే ఫైలు. ఆర్పానెట్ కాలంలో హోస్ట్స్.టెక్స్ట్ అనే లిస్టుని ఎలిజబెత్ ఫైన్‌లర్ టీమ్ స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో నిర్వహించేది. అందరూ అక్కడి నుంచే కాపీ తెచ్చుకునేవాళ్లు. మెషిన్లు పెరిగేకొద్దీ కాపీలు పాతబడటం మొదలైంది. 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్ఎస్ డిజైన్ చేసింది ఈ ఇబ్బంది తీర్చడానికే. మన ల్యాబ్ సైజులో ఇప్పుడూ అదే ఇబ్బంది: 60 పీసీల్లో 60 హోస్ట్స్ ఫైళ్లు ఉంటే, ఒక్క ఐపీ మారితే 60 చోట్ల దిద్దాలి.

అలాగని అంతా డీఎన్ఎస్ మీద వదిలేస్తే ఇంకో సమస్య. సర్వర్ బూట్ అయ్యే టైముకి డీఎన్ఎస్ అందకపోతే ఎక్స్‌పోర్ట్స్‌లోని పేర్లు రిజాల్వ్ కావు. డీఎన్ఎస్ సర్వర్ పలకకపోతే లినక్స్ డిఫాల్ట్‌గా 5 సెకన్ల చొప్పున 2 సార్లు ఎదురుచూస్తుంది. మౌంట్ కమాండ్ కొట్టాక స్క్రీన్ బిగుసుకుపోయినట్టు అనిపిస్తే ఒకసారి ఇటు కూడా చూడండి. అందుకని నాకు నచ్చిన పద్ధతి ఇది: పేర్లన్నీ డీఎన్ఎస్‌లో, పేరు నుంచి ఐపీకి ఏ రికార్డు, ఐపీ నుంచి పేరుకి పీటీఆర్ రికార్డు రెండూ పెట్టాలి. అది లేకపోతే అసలు పని నడవదు అనుకున్న ఒకట్రెండు మెషిన్లు మాత్రమే హోస్ట్స్ ఫైల్లో ఉండాలి. ప్రతి క్లయింట్‌కీ డీహెచ్‌సీపీలో మ్యాక్ అడ్రస్‌తో ఐపీ రిజర్వ్ చేస్తే ఒకరి నంబర్ ఇంకొకరికి పోదు.

కావాలని ఐపీ చేత్తో మార్చుకునేవాడిని ఇది ఆపదు. నిజంగా రహస్యంగా ఉండాల్సిన ఫైళ్లకి కెర్బెరోస్ పెట్టాలి. అదీ పేర్లు సరిగ్గా ఉంటేనే పనిచేస్తుంది.

చెక్ చేసే పద్ధతి

చాలామంది ఎన్ఎస్‌లుకప్ కొట్టి "పేరు వస్తోంది కదా" అంటారు. ఎన్ఎస్‌లుకప్, డిగ్ రెండూ నేరుగా డీఎన్ఎస్‌ని అడుగుతాయి. హోస్ట్స్ ఫైల్లోని పాత లైను వాటికి కనబడదు. సర్వర్ చూసే దారిలోనే మనమూ చూడాలంటే సర్వర్ మీద ఈ రెండూ కొట్టాలి:

గెట్‌ఎంట్ హోస్ట్స్ ల్యాబ్25.సీఎస్ఈ.ఇంటర్నల్
గెట్‌ఎంట్ హోస్ట్స్ 192.168.10.25

రెండు జవాబులూ ఒకదానికొకటి సరిపోవాలి. తేడా ఉంటే ముందు హోస్ట్స్ ఫైల్, తర్వాత డీఎన్ఎస్ చూడండి. సరిచేశాక ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్ -ఆర్ఏ కొడితే సర్వర్ ఎక్స్‌పోర్ట్స్ లిస్టుని మళ్లీ చదువుకుంటుంది.

ఇంట్లో చేసి చూడండి: రెండు వర్చువల్ మెషిన్లతో ఒక ఎన్ఎఫ్ఎస్ షేర్ పెట్టండి. మౌంట్ తీసేసి, క్లయింట్ ఐపీ మార్చి, సర్వర్ హోస్ట్స్ ఫైల్లో పాత లైను అలాగే ఉంచి మళ్లీ మౌంట్ చేయండి. డినైడ్ వస్తుంది. ఇప్పుడు మూడో మెషిన్‌కి ఆ పాత ఐపీ ఇచ్చి మౌంట్ కొట్టండి. సర్వర్ ఎవరిని లోపలికి రానిస్తుందో మీ కళ్లతో మీరే చూస్తారు.