మన మిర్చి విమానం ఎక్కుతుందా?
సందేహాలు – సమాధానాలు

కొత్త విమానాశ్రయాల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2024లో పరిశీలనకు పెట్టిన జాబితాలో కుప్పం, దగదర్తి, తాడేపల్లిగూడెం, ఒంగోలు వంటి చోట్లతో పాటు మన పల్నాడు జిల్లా అంచున ఉన్న నాగార్జునసాగర్ పేరు కూడా ఉంది. రాజధాని అమరావతికి సొంత విమానాశ్రయం కావాలన్న ప్రతిపాదన దానికి తోడైంది. విమానాశ్రయం ఎలాగూ వస్తే సరుకుల విమానాలకు కేంద్రంగా, అంటే కార్గో హబ్‌గా మారిస్తే పల్నాడుకు ఎంత మేలు, ఎంత ఖర్చు అని చాలామంది రాశారు. ఎక్కువమంది అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులిస్తున్నాను.

*సాగర్‌లో విమానాలు దిగితే మా మిర్చి నేరుగా చైనా, థాయిలాండ్ పోతుందని, యార్డులో పడిగాపులు కాయాల్సిన పని ఉండదని అంటున్నారు. నిజమేనా?*
— మిర్చి రైతు, దుర్గి మండలం

ఎండుమిర్చి విమానంలో పోదండి. కారణం బాడుగ. ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం విమానం బాడుగ ఓడ బాడుగకు 12 నుంచి 16 రెట్లు ఉంటుంది. ఓడలో కిలోకు 5 రూపాయలు పడుతుందనుకుందాం. అదే కిలో విమానంలో పంపితే 60 నుంచి 80 రూపాయలు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద ప్రకటించిన ధర క్వింటాలుకు 11,781 రూపాయలు. అంటే కిలోకు 118 కూడా లేదు. అందులో సగానికి పైగా బాడుగకే పోతే కొనేవాడు ఎందుకు కొంటాడు?

పైగా విమానంలో బరువుతో పాటు చోటు కూడా లెక్కే. ఒక ఘనమీటరు చోటు పట్టే సరుకు ఎంత తేలికగా ఉన్నా 167 కిలోలుగా లెక్కగట్టి బాడుగ వేస్తారు. తూకానికి తేలిక, చోటుకు ఎక్కువ అయిన సరుకుకు ఇది ఇంకో దెబ్బ. ఎండబెట్టి కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి దాచుకోగల పంటకు గంటల్లో చేరాల్సిన తొందర కూడా లేదు. విమానం ఎక్కేది విలువ ఎక్కువ, బరువు తక్కువ ఉన్న సరుకు, లేదా రేపటికి పాడైపోయే సరుకు: టీకాలు, మందులు, ఫోన్లు, పూలు, బతికున్న పీతలు, గల్ఫ్‌కు పోయే పచ్చి కూరగాయలు. ప్రపంచ వాణిజ్యంలో విమాన సరుకు పరిమాణంలో ఒక శాతం లోపే, విలువలో మాత్రం మూడో వంతు దాకా ఉండేది అందుకే.

మీ మిర్చికి విదేశంలో మంచి ధర రావాలంటే చూడాల్సింది పురుగుమందుల అవశేషాలు, బూజు వల్ల వచ్చే అఫ్లాటాక్సిన్. తిరస్కరణలు వచ్చేది అక్కడే. గుంటూరులో స్పైసెస్ బోర్డు పరీక్షా కేంద్రం ఉంది, యడ్లపాడు దగ్గర స్పైసెస్ పార్కు ఉంది. కల్లంలో మిర్చి నేలను తాకకుండా ఆరబెట్టే ఏర్పాటు, తేలిగ్గా అందే పరీక్ష మీకు రన్‌వే కంటే ముందు అక్కరకొస్తాయి.

*డిగ్రీ అయింది. హబ్ వస్తే వేల ఉద్యోగాలంటున్నారు. ఎలాంటివి ఉంటాయి?*
— నిరుద్యోగి, మాచర్ల

ముందు ఒక తేడా గమనించండి. విమానాశ్రయంలో సరుకు ఎక్కించడం, దించడం వేరు, హబ్ వేరు. ప్రపంచంలో విమాన సరుకులో దాదాపు సగం ప్రయాణికుల విమానాల అడుగు అరల్లోనే పోతుంది. అలాంటి చోట సరుకు పనికి కావాల్సింది కొద్దిమందే. హబ్ అంటే నాలుగు దిక్కుల నుంచి విమానాలు రాత్రిపూట ఒక్కచోట దిగి, పార్సిళ్లను ఊరూరికీ విడగొట్టి, తెల్లవారేలోగా మళ్లీ ఎగిరిపోయే ఏర్పాటు. 1973లో ఫెడెక్స్ అమెరికాలోని మెంఫిస్‌ను ఎంచుకుని నడిపిన పద్ధతి ఇది. అక్కడ ఉద్యోగాలు నిజంగానే వేలల్లో వచ్చాయి. అయితే వాటిలో చాలా భాగం పార్సిళ్లు వేరుచేసే, మోసే, బండ్లు తోలే పనులు. రాత్రి షిఫ్టులు, కొన్ని గంటల పనులూ ఎక్కువే. విమానాల మరమ్మతు, కస్టమ్స్ పత్రాలు, శీతల గిడ్డంగుల నిర్వహణ వంటి మంచి జీతాల పనులకు ముందుగా శిక్షణ ఉండాలి.

రెండో మాట, ఒకే కంపెనీని నమ్ముకోవడం. ఒహాయో రాష్ట్రంలో విల్మింగ్టన్ పన్నెండు వేల జనాభా ఉన్న ఊరు. అక్కడి హబ్‌ను డీహెచ్ఎల్ 2003లో కొనుగోలుతో చేజిక్కించుకుంది. అమెరికా దేశీయ వ్యాపారంలో నష్టాలొచ్చి 2008లో వెళ్లిపోతున్నానంది. చుట్టుపక్కల ఊళ్లతో కలిపి ఎనిమిది వేలకు పైగా ఉద్యోగాలు పోయాయి. కర్మాగారానికైతే కదలని యంత్రాలుంటాయి. హబ్‌కున్న అసలు ఆస్తి విమానాలు, అవి ఎక్కడికైనా ఎగిరిపోగలవు.

*మాకు సొంత భూమి లేదు. పాతికేళ్లుగా కౌలుకు చేస్తున్నాం. భూమి పోతే పరిహారం యజమానికేనా?*
— కౌలు రైతు, గురజాల

భూమిని ఏ పద్ధతిలో తీసుకుంటారన్న దాని మీద ఆధారపడుతుంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారమైతే ఆ భూమిపై మూడేళ్లుగా ప్రధానంగా ఆధారపడి బతుకుతున్న కౌలుదారులు, వ్యవసాయ కూలీలు కూడా ‘బాధిత కుటుంబాలే’. పునరావాసం కింద ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా ఇరవై ఏళ్లపాటు నెలకు కనీసం 2 వేల చొప్పున పొందే వీలుంది. ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్య ప్రాజెక్టైతే 70 శాతం, ప్రైవేటు కంపెనీకైతే 80 శాతం భూమి కోల్పోయే కుటుంబాల సమ్మతి కావాలని మూల చట్టం చెప్పింది. కానీ కొన్ని రకాల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయించే వీలును 2018లో మన రాష్ట్రం సవరణ ద్వారా తెచ్చుకుంది. నోటిఫికేషన్ వస్తే ఈ మినహాయింపు వాడారో లేదో ముందు చూడండి.

భూసమీకరణ అయితే లెక్క మారుతుంది. 2015లో రాజధాని తొలి విడతలో యజమానికి ప్లాట్లు, పదేళ్ల కౌలు ఇచ్చారు; భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 పింఛను పెట్టారు. కౌలుదారుకు ప్లాటులో వాటా లేదు. 2025 చివర్లో అనుమతి పొందిన రెండో విడతలో మన జిల్లా అమరావతి మండలంలోని వైకుంఠపురం, పెదమద్దూరు, ఎండ్రాయి, కర్లపూడి ఉన్నాయి కాబట్టి ఆ వైపు వారికి ఈ తేడా మరీ ముఖ్యం.

ఏదైనా కౌలుదారునని చూపించే కాగితం మీ చేతిలో ఉండాలి. 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం తీసుకోండి. సాక్ష్యం ఇప్పటి నుంచే పోగవ్వాలి.

*కంపెనీకి ఉచితంగా భూమి, పన్ను రాయితీ ఇచ్చి పిలిస్తే వ్యాపారం పెరిగి, ఆ డబ్బు తిరిగి రాదా?*
— వస్త్ర వ్యాపారి, నరసరావుపేట

రావచ్చు, సరుకు ముందే ఉంటే. హైదరాబాద్ చూడండి. 1960ల్లో ఐడీపీఎల్‌తో మందుల తయారీ అక్కడ వేళ్లూనుకుంది. శంషాబాద్ విమానాశ్రయం 2008లో మొదలైంది. మందులకు ప్రత్యేక శీతల విభాగం కట్టారంటే పంపేవాళ్లు అప్పటికే బారులు తీరి ఉన్నారు కాబట్టి.

ముందు కట్టి తర్వాత సరుకు కోసం ఎదురుచూసిన చోట్లు కూడా ఉన్నాయి. నార్త్ కరోలినాలోని కిన్‌స్టన్‌లో 1990ల్లో రాష్ట్ర నిధులతో పొడవాటి రన్‌వేతో కార్గో పార్కు పెట్టారు. అదే రాష్ట్రంలో హబ్ పెట్టాలనుకున్న ఫెడెక్స్ 1998లో జనం, పరిశ్రమలు ఎక్కువున్న గ్రీన్స్‌బరోను ఎంచుకుంది. పదేళ్ల తర్వాత కిన్‌స్టన్‌కు వచ్చింది విమాన విడిభాగాల కర్మాగారం. మన దేశంలో నాగ్‌పూర్ మిహాన్ పథకం పేరులోనే అంతర్జాతీయ కార్గో హబ్ ఉంది. అక్కడ పెరిగింది మాత్రం ఎక్కువగా ఐటీ కంపెనీలు, బోయింగ్ కట్టించిన విమానాల మరమ్మతు కేంద్రం వంటివి. వాటివల్ల మేలు జరిగింది. కాకపోతే ప్రజలకు చెప్పిన లెక్క వేరు, తేలిన లెక్క వేరు.

సాగర్‌కు పోటీ కూడా దగ్గర్లోనే ఉంది. గగనమార్గంలో శంషాబాద్ సుమారు 120 కిలోమీటర్లు. 2008 గ్రీన్‌ఫీల్డ్ విధానం ప్రకారం 150 కిలోమీటర్లలోపు ఇంకో విమానాశ్రయముంటే దాని మీద పడే ప్రభావాన్ని కేంద్రం పరిశీలించాలి. అటు గన్నవరం, దూరంగా ఉత్తరాంధ్రలో భోగాపురం కూడా ఉన్నాయి. రాయితీలిచ్చి పిలిస్తే ఈ విమానాశ్రయాల్లో ఒకదాని సరుకును ఇంకొకటి లాక్కోవచ్చు. జిల్లాకు అది లాభంగా కనిపిస్తుంది, రాష్ట్ర ఖజానాకు మాత్రం రాయితీ ఖర్చే మిగులుతుంది.

*మా సున్నం బట్టీలకు, ముగ్గు మిల్లులకు ఏమన్నా ఉపయోగమా?*
— పిడుగురాళ్ల

లేదు. సున్నం, సిమెంటు, నాపరాయి బరువైన సరుకులు, వాటికి రైలే దిక్కు. 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి మార్గం పూర్తిగా అందుబాటులోకి వస్తే నెల్లూరు వైపు దారి తెరుచుకుంటుంది. మీ అర్జీ దానికోసం రాయండి.

*రాత్రి విమానాల మోత గురించి ఎవరూ మాట్లాడరేం?*
— గృహిణి, విజయపురి సౌత్

మాట్లాడాలి. హబ్ పని అంతా రాత్రే. రాత్రి విమానాలు పెంచడానికి బెల్జియంలో అనుమతి దొరకకే డీహెచ్ఎల్ 2008లో బ్రస్సెల్స్ నుంచి జర్మనీలోని లైప్‌జిగ్‌కు హబ్ మార్చుకుంది. మీకైతే జలాశయం పక్షులు, పులుల అభయారణ్యం సామీప్యం కూడా ఉన్నాయి. విమానాలకు పక్షులు ఢీకొనే ముప్పును పర్యావరణ నివేదికలో తప్పకుండా చూడాలి.

*అయితే మేం వద్దనాలా, కావాలనాలా? గ్రామసభ పెడితే ఏం అడగాలి?*
— ఉపాధ్యాయురాలు, నరసరావుపేట

అవును, కాదు అనేలోపు నాలుగు ప్రశ్నలకు రాతపూర్వక జవాబు అడగండి. మొదటిది: ఏ సరుకు, ఏ ఊరి నుంచి, ఏడాదికి ఎన్ని టన్నులు? పంపుతామని సంతకం పెట్టిన ఎగుమతిదారులెవరు? రెండోది: విమానాశ్రయం నష్టాల్లో నడిస్తే ఏటా ఆ లోటు ఎవరు పూడుస్తారు? మూడోది: రాయితీ ఉద్యోగాల లెక్కకు ముడిపడి ఉందా? చెప్పినన్ని ఇవ్వకపోయినా, మధ్యలో వెళ్లిపోయినా ఇచ్చింది వెనక్కి కట్టాలన్న షరతు ఉందా? నాలుగోది: భూమి ఖాళీగా పడి ఉంటే? సేకరించిన భూమిని అయిదేళ్లు వాడకపోతే తిరిగి ఇవ్వాలని, లేదా భూమి బ్యాంకులో చేర్చాలని 2013 చట్టం 101వ సెక్షన్ చెబుతుంది. కెనడాలో మిరాబెల్ విమానాశ్రయానికి 97 వేల ఎకరాలు తీసుకుని, 1975లో తెరిచి, చివరికి అందులో చాలా భాగం రైతులకు వెనక్కి ఇచ్చారు. ఇక్కడ వెనక్కి ఎవరికి ఇస్తారో ఒప్పందంలోనే రాయించండి.

నా అభిప్రాయం అడిగితే, శీతల గిడ్డంగులు, పరీక్షా కేంద్రాలు, రైలు మార్గం, గన్నవరం, శంషాబాద్‌లకు మంచి రోడ్డు ముందు రావాలి. అవి వస్తే ఇక్కడ హబ్ లేకున్నా పల్నాడు రైతు లాభపడతాడు. త్వరగా పాడయ్యే పంటలు, విలువైన సరుకులు ఇక్కడ పెరిగాక హబ్ గురించి కంపెనీలే వచ్చి అడుగుతాయి. అప్పుడు బేరం మన చేతిలో ఉంటుంది.