అభయము

భగవద్గీత 16వ అధ్యాయమున దైవీసంపదలో మొట్టమొదట పేర్కొనబడిన గుణము అభయము. భయము తొలగిన పిమ్మట కార్యము నారంభింతమని వేచియుండువారికి ఆ దినము రానే రాదు. కర్తవ్యమున నిమగ్నులమైనకొలది భయమే సన్నగిల్లును.

1919లో తెలుగింట జన్మించిన అయ్యలసోమయాజుల లలితకు 15వ యేట వివాహమయ్యెను. 18వ యేట, ఒడిలో నాలుగు నెలల శిశువుండగా, వైధవ్యము ప్రాప్తించెను. ఆనాడు బాలవితంతువులకు ఇంటి మూలయే లోకము. ఆమెయో, తండ్రి ఆచార్యుడుగా నున్న గిండీ ఇంజనీరింగు కళాశాలలో చేరి, విద్యుచ్ఛాస్త్రము నభ్యసించి, 1943లో పట్టభద్రురాలయ్యెను. భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుదుత్పాదక యంత్రముల పనియందు పాల్గొనెను. 1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మహాసభకు వెళ్లెను.

లోకము మారిన పిదప ఆమె కళాశాల మెట్లెక్కలేదు, మారకమునుపే యెక్కెను. తొలి యడుగు వేయువానికే అభయము లభించును.