ఐదు మార్లా, ఆరు మార్లా?

చిరంజీవియగు మనుమరాలికి అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీ యుత్తరము చేరినది. తమ్మునికై స్వెట్టరు నారంభించి, వీపు భాగములో చంకల యొద్దకు వచ్చునప్పటికి నమూనాలోని వాక్యము బోధపడక సూదులు ప్రక్కన పెట్టితినని వ్రాసితివి. చిక్కు నీ బుద్ధిలో లేదు తల్లీ, ఆ వాక్యములోనే యున్నది.

‘88 (99, 110) కుట్లు’ అని యున్నచోట మొదటి సంఖ్య మిక్కిలి చిన్న కొలతకును, బ్రాకెట్లలోనివి వరుసగా తరువాతి కొలతలకును చెందును. ఒకే సంఖ్య యున్నచో అది అన్ని కొలతలకును సమానము. సున్నగాని అడ్డుగీతగాని యున్నచో ఆ కొలతకు అచ్చట పనిలేదు. ఇది యెరిగియు నేను తొలి స్వెట్టరునకు వీపును మొదటి సంఖ్య ననుసరించియు, కొన్నాళ్లు విడిచి మరల పట్టిన ముందు భాగమును రెండవ సంఖ్య ననుసరించియు అల్లి, ప్రక్కలు కలుపబోవునప్పుడు గాని తెలిసికొనలేక, అంతయు విప్పవలసివచ్చెను. కావున పెన్సిలు తీసికొని, తుదివరకు నీ కొలతకు చెందిన సంఖ్యలన్నింటి చుట్టును ఇప్పుడే గీత గీయుము.

ఇక నీ సందేహము. రెండు వరుసల యారంభమున ఐదేసి కుట్లు మూసిన పిదప, ‘తరువాతి వరుసలోను, అటుపై ప్రతి రెండవ వరుసలోను 5 (6, 7) మార్లు, రెండంచులను ఒక్కొక్క కుట్టు తగ్గింపుము, మిగులునవి 66 (75, 84)’ అని గదా యున్నది. ఆ ఐదింటిలో ‘తరువాతి వరుస’ చేరునా, చేరదా? వాక్యము రెండర్థములకును తావిచ్చుచున్నది గనుక దీనిని వ్యాకరణము తీర్పజాలదు, గణితము తీర్చును. 88లో 10 పోగా 78. మొత్తము ఐదు మార్లే తగ్గించినచో మారునకు రెండేసి చొప్పున 10 పోయి 68 మిగులవలెను; కాని నమూనా 66 అనుచున్నది. అనగా మొదటి తగ్గింపు వేరు, అటుపై ఐదు వేరు, వెరసి ఆరు. పెద్ద కొలతను గూడ చూడుము: 110లో 10 పోగా 100, ఎనిమిది మార్లు తగ్గింపగా 84. వాక్యము సందిగ్ధమైనచోట తుది సంఖ్యనుండి వెనుకకు లెక్కించుట నాకు నలువదేండ్లుగా అక్కరకు వచ్చుచున్న యుపాయము.

వీపు అల్లితివి గనుక, నడుమ కొలబద్ద యుంచి 10 సెంటీమీటర్లకు 22 కుట్లు వచ్చుచున్నవో లేదో చూడుము. 20 మాత్రమే వచ్చినచో, 80 సెంటీమీటర్లు కావలసిన చుట్టుకొలత 88 అగును. సూది నంబరునందు పొరపాటు జరిగియుండవచ్చును: ప్రాత బ్రిటిషు లెక్కలో 8వ నంబరు సూది 4 మిల్లీమీటర్లది, అమెరికా లెక్కలో 8వ నంబరు 5 మిల్లీమీటర్లది.

ముందు భాగమున ‘అదే సమయమున’ అను మాట వచ్చును. మెడ తగ్గింపులు ముగిసిన పిదప చంక తగ్గింపులు చేయవలెనని భ్రమపడకుము. రెండును కలసి నడచును. గీతల కాగితముపై వరుస కొక గీత చొప్పున, ఒక ప్రక్క చంకను, మరియొక ప్రక్క మెడను గుర్తించి పట్టిక వేయుము. ఆ కాగితమును, కుట్లు సూదికెక్కింపకముందే, నాకు పంపుము. లెక్క సరిచూచి మరుసటి టపాలోనే వ్రాసెదను.

ఇట్లు,
అమ్మమ్మ