కాఫీ పోటీకి నమూనా: ఈ కోతలోనే మొదలుపెట్టండి

అరబికా తోటల్లో ముందుగా పండిన పళ్లను అక్కడక్కడ ఏరే తొలి కోత అయిపోవచ్చింది. ఇక అసలు కోత. తన కాఫీని పోటీకి పంపాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే పని ఈ వారమే మొదలవ్వాలి. నమూనా సంచి కట్టేది ఎండాకాలంలోనే అయినా, ఆ సంచిలో గింజ ఎలా ఉంటుందో డిసెంబరు, జనవరి కోతల్లోనే తేలిపోతుంది. ఆ తర్వాత చేసే పనులన్నీ ఉన్న మంచిని కాపాడేవే. చెట్టు మీద పచ్చిగా తెంపిన పండుకి తీపి తెచ్చే విద్య ఎవరి దగ్గరా లేదు.

మన గుమ్మలక్ష్మీపురం వైపు కాఫీ అంటే పాడేరు, అరకుల పంట అనే అంటారు. మనకు జీడి, పసుపు, చింతపండు, కొండచీపుర్లు ముందు. అందులో తప్పేమీ లేదు. అరబికా సుమారు 900 మీటర్లకు పైబడిన ఎత్తులో, నీడలో, చల్లదనంలో మెల్లగా పండితేనే రుచి పడుతుంది. కొండ పైభాగాన అలాంటి చోటు ఉండి, సిల్వర్ ఓక్ నీడన మొక్కలు కాపుకి తెచ్చుకున్నవారి కోసమే ఈ నెల మాట. దిగువ వాలులో జీడి కొట్టి కాఫీ పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

తూర్పు కనుమల్లో కాఫీ 1898లో బ్రోడీ అనే బ్రిటిష్ అధికారి చేతుల మీదుగా పాములేరు లోయకి వచ్చింది. చాలాకాలం ఇక్కడి గింజ పేరూ ఊరూ లేకుండా పెద్ద రాశుల్లో కలిసిపోయింది. ఆ రాత మార్చింది పోటీలే అని నా నమ్మకం. కాఫీ బోర్డు 2002లో ‘ఫ్లేవర్ ఆఫ్ ఇండియా’ పేరుతో మేలైన కప్పుకి బహుమతులు మొదలుపెట్టింది. నాంది ఫౌండేషన్ 2009 నుంచి ‘జెమ్స్ ఆఫ్ అరకు’ పేరుతో గిరిజన రైతుల కాఫీలకే పోటీ పెట్టి, రుచి చూడటానికి బయటి దేశాల నిపుణులను పిలిపించింది. 2018లో పారిస్‌లో ప్రి ఎపిక్యూర్ బంగారు పతకం అరకు కాఫీకి దక్కింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎకరా, రెండెకరాల తోటలున్న కుటుంబాలు కోసిన పళ్లతోనే ఇదంతా జరిగింది.

నమూనా తయారు చేయడమంటే ఏమిటో తెలియడానికి దూరదేశపు పద్ధతి ఒకటి చెబుతాను. పెరూ దేశపు కొండల్లో అల్పాకా అనే జీవి ఉంది. ఒంటె కుటుంబానిదే గాని చిన్నది, ఒళ్లంతా మెత్తటి ఉన్ని. ఏడాదికొకసారి ఉన్ని కత్తిరిస్తారు. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఆ ఉన్నికి పోటీలు పెడతారు. జీవి ఎదురుగా ఉండదు, ఉన్ని ఒక్కటే బల్ల మీదికి వస్తుంది, నూటికి మార్కులు పడతాయి. పెంపకందారు ఆ ఉన్నిని జల్లెడలాంటి బల్ల మీద పరచి, పొట్ట కింది ముతక వెంట్రుక, కాళ్ల దగ్గరిది, గడ్డిపరక, పేడ ముద్ద అంతా ఏరిపారేస్తాడు. ఉతకడు. ఉతికితే ఉన్ని సహజంగా పడిన తీరు చెదిరిపోతుంది. న్యాయనిర్ణేత చూసే ముఖ్యమైన గుణాల్లో ఒకటి, ఆ ఉన్ని మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉందా అన్నది. చారెడు మెత్తటి ఉన్ని పైన పేర్చి లోపల ముతక దాచితే అక్కడే దొరికిపోతారు.

కాఫీ పోటీలోనూ అదే పరీక్ష. పేరు కనిపించకుండా ప్రతి నమూనాకీ ఒక సంఖ్య వేస్తారు. ప్రపంచంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న మార్కుల పట్టీలో వాసన, రుచి, మింగాక నిలిచే రుచి, పులుపు, చిక్కదనం, పొందిక లాంటి పది అంశాలున్నాయి. ఒక్కోదానికి పది, మొత్తం నూరు. 80 గాని అంతకన్నా ఎక్కువ గాని వస్తేనే మేలురకం కాఫీ కింద లెక్క. ఒక్కో నమూనా నుంచి ఐదు కప్పులు పెడతారు. కప్పుకి 150 మిల్లీలీటర్ల నీరైతే పొడి 8.25 గ్రాములు. ఐదూ ఒకేలా ఉన్నాయా, ఐదూ శుభ్రంగా ఉన్నాయా, ఐదింటిలో తీపి ఉందా అన్న మూడు అంశాలకీ కప్పుకి రెండేసి మార్కులు. ఐదింటిలో ఒక్క కప్పులో ఒక్క పులిసిన గింజ పడితే ఒకేలా ఉండటంలో రెండు, శుభ్రతలో రెండు, వెరసి కనీసం నాలుగు మార్కులు పోతాయి. 84 రావలసిన కాఫీ అంచు మీద 80కి దిగిపోతుంది. పోటీలో ఓడిన కాఫీల్లో చాలావాటికి రుచి లేక కాదు, నిలకడ లేక ఓటమి వస్తుంది.

అందుకే కోత దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

పోటీకని తోటలో ఒక ముక్క ముందే ఎంచుకోండి. ఒకే ఎత్తు, ఒకే నీడ, వీలైతే ఒకే రకం మొక్కలు. చంద్రగిరి రకం ఒకచోట, పాత రకాలు ఒకచోట ఉంటే కలపవద్దు. పండే తీరులో తేడా ఉంటుంది, గింజ సైజులోనూ ఉంటుంది. పది పదిహేను రోజులకొకసారి చొప్పున నాలుగైదు విడతలు కోసే తోటలో నమూనాకి పనికొచ్చేవి నడిమి విడతలు. తొలి విడతలో తొందరపడి పండినవి, పురుగు కుట్టి ఎర్రబడినవి ఎక్కువ. చివరి విడత ఎలాగూ దూసేసే కోత.

పండు నిండా ఎర్రబడి, రెండు వేళ్ల మధ్య నొక్కితే గింజ సులువుగా జారాలి. తొడిమ దగ్గర పసుపు చార ఉందంటే ఇంకో వారం ఆగాలి. పచ్చిది కలిస్తే కప్పులో వగరు వస్తుంది. నల్లబడి ముడుచుకున్నది కలిస్తే పులిసిన కల్లు వాసన వస్తుంది. కొమ్మను గుప్పిట పట్టి దూసే అలవాటు ఉన్నచోట పోటీ మాట మరిచిపోవడమే మంచిది. కూలి కిలో లెక్కన ఇస్తే చేతులు దూయడానికే చూస్తాయి. పోటీకి ఎంచిన ముక్క వరకైనా రోజుకూలి ఇవ్వండి. ఇంట్లో ఆడవాళ్ల చేతికి ఆ ముక్క అప్పగించిన చోట పండు శుభ్రంగా వస్తుందని పాతకాపులు చెబుతారు. ఆ మాట నిజమే, కానీ ఆ శ్రమకి కూలి కట్టడం కూడా అంతే నిజంగా జరగాలి. కందికొత్తల పండగ దగ్గరపడితే చేతులు దొరకవు కాబట్టి మీ విడతను దానికి ముందో వెనకో ఇప్పుడే లెక్కవేసుకోండి.

పండు తెచ్చిన సాయంత్రమే నీళ్ల తొట్టిలో పోయండి. తేలినవి పైనుంచి తీసి వేరుగా ఎండబెట్టుకోండి, అవి నమూనాకి పనికిరావు. మునిగినవాటిని మరోసారి చేటలో పోసి చేత్తో ఏరండి. అదే రాత్రి తోలు తీసే పల్పర్‌లో వేయాలి. సంచిలో రాత్రంతా మగ్గిన పండు తెల్లారేసరికి వేడెక్కి పులుస్తుంది, ఆ పులుపు ఇక పోదు. పల్పర్ పళ్లు ముందురోజే సరిచూసుకోండి. బిగువు ఎక్కువైతే గింజ నలుగుతుంది, నలిగినచోట బూజు పడుతుంది.

తోలు తీసిన గింజకి జిగురు ఊడటానికి మామూలుగా 24 నుంచి 36 గంటలు పడుతుంది. మన కొండ చలిలో ఇంకాస్త పట్టవచ్చు. గడియారం కన్నా చెయ్యి మంచి సాక్షి. గుప్పెడు గింజలు కడిగి నలిపితే గరగరలాడాలి, జారుడు ఉండకూడదు. గరగర వచ్చాక ఒక్క పూట కూడా ఆపవద్దు. మూడు నాలుగు మంచినీళ్లలో కడగండి. ఆ కడుగునీరు మాత్రం గెడ్డలోకి వదలకండి. కింది ఊరి పశువులు తాగే నీరది. గుంట తీసి ఇంకనివ్వండి, తోలును పెంటపోగులో వేస్తే మంచి ఎరువు.

ఎండబెట్టే పనికి వెదురు కాళ్లు పాతి వల పరచిన మంచె అన్నిటికన్నా మేలు. లేకపోతే శుభ్రమైన టార్పాలిన్. పేడతో అలికిన కళ్లం వద్దు, నేరుగా మట్టి వద్దు. కాఫీ గింజ చుట్టూ ఉన్న వాసనను లాగేస్తుంది, కప్పులో మట్టివాసన వస్తే అది ఇక్కడిదే. మొదటి రెండు రోజులు పలుచగా పరచి తరచూ తిప్పండి. నడిమధ్యాహ్నపు ఎండ కాస్తే పైపెంకు పగులుతుంది, ఆ రెండు మూడు గంటలు కప్పండి. సాయంత్రం గింజ చల్లారాక మూయండి. మన దగ్గర డిసెంబరు మంచు తెల్లారి తొమ్మిది దాకా వీడదు, మంచు ఆరకముందే తెరిస్తే నిన్నటి ఎండ వృథా. వారం పది రోజుల్లో ఆరుతుంది, మబ్బు పడితే ఎక్కువే పడుతుంది. తేమ పది శాతం దగ్గర ఆపాలి. తేమ చూసే యంత్రం కాఫీ బోర్డు వాళ్ల దగ్గర దొరికితే చూపించుకోండి. లేకపోతే పెంకు వలిచి గింజ కొరకండి. పంటికి మెత్తగా దిగితే ఇంకా ఎండాలి, టక్కున విరిగితే అయిపోయినట్టు.

ఇక దాచడం. ఈ నెలల్లో మన ఇళ్లలో ఏముంటుందో తలచుకోండి. పొయ్యి పైన అటక, పొగ. మూలన చింతపండు బుట్టలు, సంతలో తెచ్చిన ఎండుచేపలు. ఇంకొన్నాళ్లకు ఉడికించిన పసుపు. ఎరువుల సంచులు, పురుగుమందు డబ్బాలు సరేసరి. వీటిలో ఏ ఒక్కదాని పక్కన నెలరోజులు ఉన్నా రుచి చూసేవాడి నాలుక కనిపెట్టేస్తుంది. పోటీ సంచికి వేరే గది చూడండి, లేకపోతే వాసనలేని పొరుగింటి గదైనా అడగండి. కొత్త గోనెసంచి, కింద చెక్కలు, గోడకి జానెడు ఎడం. పెంకుతోనే ఉంచి కనీసం నెలరోజులు నిలవనివ్వండి. పెంకు తీయించేది పంపే ముందే.

నమూనా తీసేరోజు అసలు పరీక్ష. ఎంచిన ముక్కలో పండిన సంచులన్నిటి నుంచీ పైన, నడుమ, అడుగున తీసి ఒక గుడ్డ మీద కుప్ప పోయండి. కుప్పను చదును చేసి నాలుగు భాగాలు చేయండి. ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుని, మిగిలినవి సంచుల్లోకి. మళ్లీ కలిపి మళ్లీ నాలుగు. అడిగిన బరువు దాకా ఇలాగే చేయాలి. ఇందులో మంచివి మాత్రమే ఏరి పెట్టుకుంటే వచ్చే మార్కు మీ పంటది కాదు. నమూనా నచ్చి కొనుగోలుదారు మిగతా సంచులు అడిగినప్పుడు తేడా బయటపడితే, ఆ మచ్చ మీ ఒక్కరిది కాదు, చుట్టుపక్కల రైతులందరిదీ అవుతుంది. నమూనా నుంచి ఏది ఏరేసినా, మొత్తం సరుకు నుంచి కూడా అదే ఏరేయండి. అల్పాకా ఉన్నిలో ముతక ఏరడం అలాంటిదే, మొత్తం ఉన్ని నుంచి ఏరతారు.

ఏం ఏరాలి? నల్లగింజ, గోధుమరంగుకి తిరిగిన పుల్లగింజ, బూజు పట్టినది, పెంకు ఊడని ఎండుకాయ, రాయి, పుల్ల. మేలురకం లెక్కలో 350 గ్రాముల్లో ఇవి ఒక్కటీ ఉండకూడదు. విరిగినవి, ముడుచుకున్నవి, చిన్న తూటు ఉన్నవి లాంటివి కలిపి ఐదు పూర్తి లోపాలకు మించకూడదు. విరిగిన గింజలు ఐదైతే ఒక లోపం, చిన్న తూటు గింజలు పదైతే ఒక లోపం. పగటి వెలుతురులో, నల్లటి గుడ్డ మీద, ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు ఏరితే బాగా దొరుకుతాయి.

తూటు మాట వచ్చింది కాబట్టి: కాయ తొలుచు పురుగు 2025లో అరకు ప్రాంతంలో కనిపించింది. పండు కొన దగ్గర సూదిబెజ్జం అంత రంధ్రం ఉంటే అదే. వేరే ప్రాంతపు పాత సంచులు, పళ్లు, మొక్కలు తోటకి తేకండి. చివరి కోతలో చెట్టున ఒక్క కాయ మిగలకుండా తీయండి, రాలినవి ఏరండి. పురుగు పట్టినవి దొరికితే మరిగే నీళ్లలో ముంచి, లోతుగా పూడ్చి, వెంటనే కాఫీ బోర్డు వాళ్లకి కబురు చేయండి. అనుమానం వచ్చినా దాచిపెడితే నష్టం కొండంతా పాకుతుంది.

ఒక్క కుటుంబం పండించినది పోటీ అడిగినంత సరుకుకి చాలకపోవచ్చు. సుమారు ఆరు కిలోల పండుకి ఒక కిలో శుభ్రమైన కాఫీ వస్తుంది. నలుగురైదుగురు కలవాలంటే ఒకే వాలు మీద తోటలున్నవాళ్లే కలవండి. అందరూ ఒకేరోజు కోసి, ఒకే పల్పర్ దగ్గరికి తెచ్చి, ఒకరి పండు ఒకరు చూసి తూచుకోవాలి. పచ్చిపళ్లు తెచ్చినవారిని మొహమాటం లేకుండా వెనక్కి పంపే మనిషి ఒకరు జట్టులో ఉండాలి. అలాంటివారు లేనప్పుడు కలవకపోవడమే మేలు.

సంచితో పాటు ఒక కాగితం పెట్టండి: రైతు పేరు, ఊరు, తోట ఎత్తు, మొక్క రకం, కోసిన తేదీలు, ఎన్ని గంటలు పులియబెట్టారు, ఎన్ని రోజులు ఎండబెట్టారు, మొత్తం సరుకు ఎంత. ఈ తేదీలు ఇవాళ్టి నుంచి గోడ క్యాలెండరు మీదే రాసుకోండి, మార్చిలో గుర్తుకురావు. పోటీ ప్రకటనల కోసం కాఫీ బోర్డు విస్తరణ సిబ్బందినీ, పార్వతీపురం ఐటీడీఏనీ అడుగుతూ ఉండండి. సాగు సందేహాలకు ఆర్వీ నగర్‌లోని ప్రాంతీయ కాఫీ పరిశోధన కేంద్రం ఉంది.

బహుమతి వచ్చినా రాకపోయినా మార్కుల పట్టీ ప్రతి అడిగి తీసుకోండి. శుభ్రతలో పోయాయా, తీపిలో పోయాయా అన్నది దానిలో ఉంటుంది. శుభ్రతలో పోతే తప్పు పల్పర్ దగ్గరో, మంచె దగ్గరో, గదిలోనో వెతకండి. తీపిలో పోతే పండు కోత దగ్గర వెతకండి. పట్టీ చేతికి వచ్చేదాకా మిగతా సరుకు అమ్మకుండా, అదే గదిలో, అదే గుర్తు వేసి ఉంచండి.